కార్బురేటర్‌కు బొట్టు

ఆ రోజుల్లో నేను బేగంపేటలో ఒక ఆఫీసులో కార్ల ఇంజన్లకు ప్రోగ్రాములు రాసేదాన్ని. ఏ క్షణాన ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కగట్టే చిన్న కంప్యూటరు ప్రతి కొత్త కారులోనూ ఉంటుంది. దానికి లెక్కలు నేర్పడం నా పని. ఆ కార్లేవీ నేను చూసింది లేదు. ఏసీ గదిలో కూర్చుని, తెర మీద అంకెలు మారితే ఎక్కడో ఇంజన్ తిరుగుతోందని నమ్మేదాన్ని. విజయనగరంలో ఉన్న మా అమ్మకు ఫోన్లో ఇదంతా వివరిస్తే, "అయితే నువ్వు మెకానిక్కువేటే?" అనేది. కాదనడానికి నోరు వచ్చేది కాదు, ఔననడానికి అసలే వచ్చేది కాదు.

అద్దెకుండేది సైనిక్‌పురిలో, ఒక ఇంటి పైవాటాలో. కింద ఇంటివాళ్లు, భార్యాభర్తలిద్దరే. అంకుల్ సైన్యంలో బండ్ల వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. ఆంటీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో వైరింగ్ పని చేసి రిటైరైంది. షెడ్డులో వాళ్ల నల్ల కారు ఉండేది. దానికి అంకుల్ కంటే వయసు కొంచెమే తక్కువ. ఆదివారం పొద్దున దాన్ని లేపే తంతుతోనే మా వీధికి తెల్లారేది. చోక్ లాగడం, అది దగ్గడం, ఆగిపోవడం, అంకుల్ దాన్ని ఉర్దూలో బతిమాలుకోవడం. నిద్ర చెడగొట్టినందుకు పైనుంచి నేను పళ్లు నూరుకోవడం కూడా ఆ తంతులో భాగమే.

ఆ ఎండాకాలం కారు తిరుమలగిరి చౌరస్తాలో ఆగిపోయింది. అంకుల్ ఒక్కడే దాన్ని పక్కకు తోశాడు. ఆ వారమే ఆయన గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆంటీ నా ముందే తీర్పు చెప్పేసింది.

"డాక్టర్ ఏమన్నడు? బరువు నూకొద్దన్నడు. నూకే బండి ఇంట్ల ఉంటే నువ్వు నూకకుండ ఉంటవా? దసరా దాంక సూస్త. ఆగకుండ నడిస్తే పూజ చేస్త. లేకుంటే హోటలోళ్లకు ఇచ్చెయ్యి."

బేగంపేటలో ఒక హోటలు వాళ్లు ఆ కారును లాబీలో అలంకారంగా పెట్టుకుంటామని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. బరువు తగ్గడానికి ఇంజన్ తీసేస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు అంకుల్ నా వైపు చూడలేదు.

మర్నాడు మెట్లు ఎక్కొద్దని చెప్పినా ఎక్కి వచ్చాడు. "బిడ్డా, నువ్వు రాసే ఆ లెక్కలు మా దానికి సుత పనిచేస్తయా?"

చేస్తాయన్నాను. కానీ పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే ఆ పాత కార్బురేటర్ తీసేయాలన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "తీస్తే ఎట్ల? మీ ఆంటీ బొట్టు ఎక్కడ పెడతది?"

అందరూ దసరాకు బండి బానెట్ మీద బొట్టు పెడతారు. ఈ ఇంట్లో మాత్రం బానెట్ ఎత్తి, కార్బురేటర్‌కు పసుపు రాసి బొట్టు పెడతారు. బండికి ముక్కు అదేనని ఆంటీ నమ్మకం. పెళ్లయిన ఏడాది నుంచీ అదే ఆనవాయితీ. కాబట్టి షరతు ఒకటే. కార్బురేటర్ ఉన్నచోటే ఉండాలి, ఉన్నట్టే కనబడాలి, కానీ దాని పని ఇంకొకటి చేయాలి. ఇంత పేచీ పెట్టే క్లయింటు నాకు ఆఫీసులో కూడా తగల్లేదు.

అంకుల్ దాని లోపలంతా తొలిపించాడు. పైకి అదే ఇత్తడి, అవే మరలు. కడుపులో మాత్రం కొత్త కారు తుక్కులోంచి తెచ్చిన, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కూర్చుంది. పంపు పెట్రోలు ట్యాంకులో మునిగింది. పొగగొట్టంలో కాలిన వాసన పట్టే సెన్సర్ పెట్టాం. కంప్యూటరు బోర్డును ఆంటీ వంటింటి బల్ల మీద సోల్డర్ చేసింది. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ఒక్కో చుక్కా పెడుతుంటే గదిలో మాట్లాడ్డానికి నాకు భయం వేసేది. వైర్లన్నీ మైనపు దారంతో కట్టి పాత గుడ్డ తొడుగుల్లోకి దూర్చింది. బోర్డు డ్యాష్‌బోర్డు అర వెనక దాక్కుంది. కారును హోటలుకు ఇచ్చెయ్యమన్న మనిషే ఇదంతా చేస్తోందని నేనన్నాను. "నడిస్తే వద్దంటనా?" అంది తలెత్తకుండా.

మొదటిసారి తాళం తిప్పిన సాయంత్రం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అంకుల్ పక్క సీట్లో నేను, నా ఒళ్లో లాప్‌టాప్, తెర మీద నేను రాసిన పట్టిక. అంకుల్ తాళం తిప్పాడు. తెర మీద సున్నా కదిలింది, కదిలిన ఆ క్షణానే నా కాళ్ల కింద నేల కదిలింది. సీటు వణికింది, అద్దం వణికింది, ముక్కుకు పెట్రోలు వాసన తగిలింది. నేను ఒక అంకె పెంచితే ఇంజన్ గొంతు మారింది. తగ్గిస్తే మళ్లీ మారింది. ఇన్నేళ్లు నేను అంకెలనుకున్నవి నిప్పు అని నాకు అప్పుడు తెలిసింది. చేతులు జోడించాలనిపించింది, ఒళ్లో లాప్‌టాప్ ఉండబట్టి ఆగాను.

ఆ ప్రోగ్రాము దానంతటది నేర్చుకుంటుంది కూడా. పొగ వాసన చూసి, ఇక్కడ పెట్రోలు ఎక్కువైంది, అక్కడ తక్కువైంది అని తనే దిద్దుకుంటుంది. కాలనీ చుట్టూ తిరుగుతుంటే తెర మీద అంకెలు ఒక్కొక్కటే సర్దుకోవడం చూశాను. చీకటిపడే వేళకు కారు నడుస్తోందా ఆగిందా అన్నంత నెమ్మదిగా ఉంది. అంకుల్ స్టీరింగ్ మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున అది దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది. తిప్పితే సాయంత్రానికి కుదురుకుంది. ఆ మరుసటి పొద్దున మళ్లీ అదే వరస. నేర్చుకున్నదంతా తెల్లారేసరికి మర్చిపోతోంది. ఆఫీసులో నా పని మానేసి ఆ ప్రోగ్రాములో తప్పు వెతికాను. దొరకలేదు. దసరా ముందురోజు ఆంటీ పూజకు నిమ్మకాయలు తెచ్చింది గానీ, రేపు మధ్యాహ్నం చూసుకోవడానికి రమ్మని హోటలు వాళ్లకూ చెప్పేసింది.

ఆ సాయంత్రం కారు తిప్పి షెడ్డులో పెట్టాక నేను సామాను సర్దుకుంటున్నాను. అంకుల్ జేబులోంచి చిన్న స్పానర్ తీసి, బానెట్ ఎత్తి, తాపీగా బ్యాటరీ వైరు విప్పడం మొదలుపెట్టాడు.

"అంకుల్! ఏం చేస్తున్నారు?"

"వైర్ ఇప్పుతున్న. దినాం ఇప్పుత, పొద్దున మళ్ల పెడత. ఫౌజ్‌ల నేర్పిండ్రు. ఇంజన్ బంద్ చేసినంక బ్యాటరీ ఇప్పకుంటే సజా పడేది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేర్చుకున్నది గుర్తుంచుకోవడానికి ఆ బోర్డుకు రాత్రంతా చిటికెడు కరెంటు కావాలి. ఆయన రోజూ క్రమం తప్పకుండా దాన్ని పసిబిడ్డను చేసి పడుకోబెడుతున్నాడు. అదే చెప్పాను. ఆయన బిత్తరపోయాడు.

"గంతేనా? మరి ఇప్పకుంటే రాత్రి ఏమన్నైతే? అగ్గి అంటుకుంటే?"

"ఏమీ కాదు. మళ్లీ ఒక చుట్టు తిప్పి, ఈ ఒక్కరాత్రికి అలాగే వదిలేయండి."

తిప్పాం. వచ్చాక స్పానర్ నా చేతిలో పెట్టాడు. "నా దగ్గరుంటే ఇప్పుత, బిడ్డా. నువ్వే పెట్టుకో." జీవితమంతా పాటించిన నియమాన్ని ఒక ఇనప ముక్కతో పాటు ఆయన నాకు అప్పగించేశాడు.

దసరా పొద్దున ఆంటీ తలంటుకుని వచ్చి బానెట్ ఎత్తింది. కార్బురేటర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అంకుల్ చొక్కా అప్పటికే తడిసిపోయింది. తాళం తిప్పాడు.

దగ్గలేదు. ఒక్క తిప్పుకే లేచి, మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు మోగింది. తెల్లవార్లూ తనలో తను గుర్తుపెట్టుకుందని తలుచుకుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆంటీ హారతి పళ్లెం గట్టు మీద పెట్టి, తడి జుట్టుతోనే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. నేను వెనక ఎక్కాను. నిమ్మకాయలు నలిగాయి.

తిరుమలగిరి చౌరస్తాలో సిగ్నల్ పడింది. కారు ఆగింది, ఇంజన్ ఆగలేదు. అంకుల్ బిగబట్టిన ఊపిరి వదిలాడు. అప్పుడే ఆంటీ సెల్‌ఫోన్ మోగింది. హోటలు మనిషి, ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నాడు.

"కారా?" అంది ఆంటీ, అద్దంలోంచి రోడ్డు చూస్తూ. "కారు ఇంట్ల లేదు. బయటికి పోయింది."