బుధవారం పాసింజరు

అరవై దాటాక కనకలక్ష్మికి మొగుడితో దొంగచాటుగా తిరిగే యోగం పట్టింది. పరాయి మొగుడు కాదు, అగ్నిసాక్షిగా తాళి కట్టిన సొంత మొగుడే. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఆవిడ ప్రాణానికి అది నవ్వులాట కాదు.

ఆవిడది తణుకు. భర్త రామబ్రహ్మం ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాడు. కొడుకు బాలు కూకట్‌పల్లిలో, కూతురు సంయుక్త నల్లగండ్లలో కాపురాలు. రెండిళ్ళలోనూ ఆలూమగలు ఇద్దరూ ఐటీ ఉద్యోగాలే చేస్తారు. మనవరాలు రసజ్ఞ పుట్టినప్పుడు ఆరు నెలలుండి వద్దామని కనకలక్ష్మి నల్లగండ్ల వచ్చింది. సరిగ్గా అప్పుడే బాలు కొడుకు లోహిత్‌ని బడి బస్సు ఎక్కించి దింపుకునే దిక్కు లేక, రామబ్రహ్మం కూకట్‌పల్లిలో దిగాడు. ఆ ఆరు నెలలు సాగి సాగి మూడో ఏట పడ్డాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడైనా గట్టు మీద కూర్చుని ఓ మాట అనుకుంటారు. ఇక్కడ ఆపాటి మాట కూడా లేకుండానే అమ్మ కూతురి వాటాకీ, నాన్న కొడుకు వాటాకీ వచ్చేశారు.

సంయుక్త ఫ్లాటు పన్నెండో అంతస్తులో ఉంది. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టించారు. ఆ వల కన్నాల్లోంచి చూస్తే ఎదురు టవరూ, దానికీ ఒక వలా, ఆ వల వెనకాల తనలాంటిదే ఇంకో అమ్మమ్మ. ఇద్దరూ రోజూ చూసుకుంటారు గానీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. పిల్లకి అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం, నాలుగు గిన్నెలు సర్దడం, మళ్ళీ పిల్లకి అన్నం పెట్టడం. కూతురు మంచిది, అల్లుడు అంతకన్నా మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే నాలుగు దులిపేసి తణుకు రైలెక్కి పోవచ్చు. మంచివాళ్ళని ఏమని వదిలిపోతాం?

ఇక మొగుడు కనబడేది ఆదివారాలే. అందరూ ఒకచోట చేరతారు, బిర్యానీ తెప్పించుకుంటారు, టీవీ మోగుతూ ఉంటుంది. ఆయన సోఫాకి ఆ చివర, ఈవిడ వంటింట్లో. "బీపీ మాత్ర వేసుకుంటున్నారా?" అని ఈవిడ అడిగితే, ఆయన నోరు తెరిచేలోపే కోడలు "నేనే ఇస్తున్నానండి అత్తయ్యగారూ" అని జవాబు చెప్పేది. ఫోన్లో మాట్లాడుకుందామన్నా అవతల హాల్లో ఎవరో ఒకరుంటారు, ఇవతల చంకలో పిల్ల ఉంటుంది. "ఆఁ... ఊఁ... సరే, ఉంటా" తప్ప ఏమీ నడవదు.

ఆవిడ కాపురమంతా అంతే నడిచింది మరి. పెళ్ళయి వెళ్ళింది అత్తా, మామా, ఇద్దరు మరుదులూ, ఒక ఆడపడుచూ ఉన్న ఇంటికి. తర్వాత పిల్లలు, వాళ్ళ పరీక్షలు, పెళ్ళిళ్ళు. ఆయన రిటైరయ్యాక మాత్రం ఏడాది పైచిలుకు ఆ తణుకు ఇంట్లో ఇద్దరే ఉన్నారు. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచి, తిరిగొస్తూ దారిలో ఇడ్లీ తిని, కబుర్లు చెప్పుకుంటూ ఇల్లు చేరేవాళ్ళు. ఆ మనిషి అంత మాటకారి అని ఆవిడకి అప్పుడే తెలిసింది. తెలిసిన ఏడాదికే ఈ పిలుపు వచ్చింది.

ఈ వయసులో నాకు మొగుడు కావాలని కూతురికి ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? ఎవరైనా వింటే నవ్విపోరూ! అందుకని ఆవిడ అబద్ధమాడింది. బుధవారం సంయుక్త ఇంటి నుంచే పని చేస్తుంది కాబట్టి ఆ పూట పిల్లని కూతురికి వదిలి, సత్సంగం ఉందని బయల్దేరేది. అక్కడ రామబ్రహ్మం పెన్షనర్ల సంఘం మీటింగని చెప్పి, లోహిత్‌ని బస్సెక్కించి హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ పట్టుకునేవాడు. లింగంపల్లి స్టేషన్లో కలుసుకుని, వికారాబాద్ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కేవాళ్ళు. "వారం వారం మీటింగేంటి నాన్నా, పెన్షనర్లకి అంత రాచకార్యం ఏముంటుంది?" అని ఒకసారి బాలు అడిగాడట. "డీయే గురించిరా" అన్నాడట ఈయన. ఆ మాటకి పైన ఇంకెవరూ ఏమీ అడగరు.

బండి నాగులపల్లి దాటిందంటే టవర్లన్నీ వెనకబడేవి. ఒకసారి శంకర్‌పల్లిలో, ఇంకోసారి చిట్టిగిడ్డలో దిగేవాళ్ళు. ఎర్రమట్టి బాట, అటు పత్తి, ఇటు కంది, అక్కడక్కడ బంతితోటలు. గోదావరి నేల కాదు, ఆ పచ్చదనమూ కాదు. అయితేనేం, పక్కన మనిషి ఉన్నాడు. ఆయన మోకాలి నొప్పి గురించీ, కోడలు చేసే చప్పిడి కూరల గురించీ చెప్పేవాడు. ఈవిడ పడీపడీ నవ్వేది. బాట దిగుడుగా ఉన్నచోట ఆయన చెయ్యి అందించేవాడు. దిగుడు అయిపోయాక కూడా ఆవిడ వదిలేది కాదు. కానుగ చెట్టు కనబడితే కింద కూర్చుని పులిహోర తినేవాళ్ళు. లోహిత్ బడి నుంచి వచ్చేసరికి ఆయన కూకట్‌పల్లిలో ఉండాలి కాబట్టి, గబగబా తిరుగు బండి అందుకునేవాళ్ళు. వారమంతా ఆవిడ బతికేది ఆ కాస్త పూట కోసమే.

చిట్టిగిడ్డ దగ్గర చేలో పత్తి ఏరే అంజమ్మ వీళ్ళకి అలవాటైపోయింది.

"ఏందమ్మా, మల్లొచ్చిన్రు? జాగ చూస్తుండ్రా?" అని అడిగింది ఒకసారి. పట్నం నుంచి ఆ వైపు వచ్చేవాళ్ళంతా స్థలాల కోసమే వస్తారు మరి.

"లేదమ్మా, ఊరికే నడుద్దామని."

"ఉత్తగనే నడుస్తరా గింత ఎండల? పిల్లలు లేరా మీకు?"

"ఎందుకు లేరు, ఇద్దరున్నారు."

"ఇద్దరుండంగ గిట్ల తిరుగుడేందమ్మా?" అని అంజమ్మ నిజంగానే జాలిపడి, ఓ గుప్పెడు కందికాయలు కొంగులో పోసింది.

అంతా బాగానే జరిగిపోయేది. ఆ మజ్జిగ తాగకపోతే.

ఆ బుధవారం ఎండ చుర్రుమంటోంది. బాట పక్కన ఏదో వెంచరు వాళ్ళు టెంటు వేసి, కుర్చీలు వేసి, వచ్చేపోయేవాళ్ళకి మజ్జిగ పోస్తున్నారు. ఇలాంటి టెంటు కనబడితే రామబ్రహ్మం మామూలుగా ఆమడ దూరం నుంచే తప్పుకుంటాడు. కానీ ఆ టెంటులోంచి, "ఎండన పడి వెళ్తున్నారేంటండి బాబూ, నీడన కూర్చుని వెళ్ళండి!" అని గోదావరి యాస వినబడింది. తెలంగాణ నడిబొడ్డున ఆ యాస చెవిన పడగానే ఇద్దరి కాళ్ళకీ బంధం పడింది.

"మీదే ఊరు బాబూ?" అంది కనకలక్ష్మి.

"ఆయ్, మాది అత్తిలండి. నా పేరు బుల్లిబాబండి."

ఇంకేముంది! అత్తిలికీ తణుకుకీ ఎంత దూరం? ఎవరి తాలూకా, ఏ వీధి, ఏ డాక్టరుగారి హాస్పిటల్ ఎదురు సందు, అన్నీ నడిచాయి. రెండు గ్లాసుల మజ్జిగ అయింది. మనవాడనుకున్నాక జాగ్రత్త ఎక్కడుంటుంది? లేచేముందు బుల్లిబాబు, "ఒక్క ఫొటో అండి, మన ఊరోళ్ళు వచ్చారని గుర్తండి" అన్నాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. వెనకాల చిట్టిగిడ్డ వెంచరు బోర్డుందని గానీ, చేతిలో పెట్టిన రంగుల కాగితం ప్లాట్ల లేఅవుట్ అని గానీ చూసుకోలేదు. రామబ్రహ్మం అయితే, భార్య పక్కన నిలబడి ఫొటో దిగి ఎన్నేళ్ళయిందో అన్న మురిపెంలో నవ్వు కూడా నవ్వాడు.

బుల్లిబాబు తన పని తను చేసుకున్నాడు. ఆ ఫొటో 'మమ్మల్ని నమ్మిన మా కస్టమర్లు' అన్న అక్షరాలతో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, బాలు ఆఫీసు వాళ్ళ గ్రూపులోకి వచ్చి పడింది. "ఏం బాలూ, మీ పేరెంట్స్ మంచి చోట కొన్నారే!" అని పక్క సీటు అతను అభినందించాడు కూడా.

ఆదివారం అందరూ నల్లగండ్లలో చేరారు. తినడం అయ్యాక బాలు ఫోను తీసి టేబుల్ మీద పెట్టాడు.

"కొంటే కొన్నారు నాన్నా, సంతోషమే. నాకొక్క మాట చెప్పకూడదా? చెల్లి పేరు మీద రాస్తున్నారా?"

సంయుక్త ఫొటో చూసి తెల్లబోయింది. మరుక్షణం ఎర్రబడింది. "నా పేరు మీదేంటన్నయ్యా? నాకసలు తెలిస్తే కదా! అమ్మ నా దగ్గరుంటోందని నేనేదో చెప్పి కొనిపిస్తున్నాననా నీ ఉద్దేశం?"

"నేనలా అన్లేదు."

"అన్నావు. అందరూ ఉండగానే అన్నావు."

అల్లుడు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. కోడలు లోహిత్‌ని తీసుకుని లోపలి గదిలోకి పోయింది. రామబ్రహ్మం గొంతు సవరించుకుని, "కొనలేదురా. ఊరికే వెళ్ళాం" అన్నాడు.

"ఊరికే ఎవరైనా ప్లాట్లు చూడ్డానికి వెళ్తారా నాన్నా? మీటింగని నాకు చెప్పి, సత్సంగమని దీనికి చెప్పి?"

కనకలక్ష్మి పని ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే అన్నాచెల్లెళ్ళు లేని స్థలం కోసం జన్మంతా మాట్లాడుకోరు. సిగ్గు సిగ్గే గానీ, ఆ సిగ్గుకన్నా కోపం ముందు వచ్చింది ఆవిడకి. కన్న పిల్లలకి అమ్మానాన్నా కలిసి కనబడితే స్థలమే తప్ప ఇంకో సంగతి తోచలేదే!

"ప్లాటు లేదు, గీటు లేదు" అంది. "ప్రతి బుధవారం నేనూ మీ నాన్నా రైలెక్కి వెళ్తున్నాం. నడవడానికి."

"నడవడానికా?" అంది సంయుక్త. "దానికి చిట్టిగిడ్డ దాకా ఎందుకమ్మా? కింద వాకింగ్ ట్రాక్ ఉందిగా!"

"ఆ ట్రాక్ మీద మీ నాన్న ఉండరు."

రామబ్రహ్మం తల వంచుకున్నాడు. ఆవిడ మాత్రం ఆగలేదు. ఆగితే మళ్ళీ ఈ జన్మలో అనలేనని తెలుసు.

"మనకి ఈ ఊళ్ళో రెండిళ్ళున్నాయి. నీ ఇంట్లో మూడు గదులు, వాడింట్లో మూడు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోడానికి మాకొక్కటి లేదు. అందుకే రైలెక్కుతున్నాం. తప్పయితే తప్పే."

సంయుక్త భోరుమని ఏడ్చి తల్లిని కావిలించుకుంది. బాలు తండ్రి కాళ్ళ దగ్గర కూలబడి, "ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా నాన్నా" అన్నాడు. పిల్లలు నిజంగానే మంచివాళ్ళు. మంచివాళ్ళు కాబట్టి అక్కడికక్కడే పరిష్కారం కూడా కనిపెట్టేశారు. ఇక నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం బాలు నాన్నని కారులో తెస్తాడు. చివరి గది అమ్మానాన్నలది. ఎవరూ అటు వెళ్ళరు.

"ఇక ఆ ఎండల్లో, ఆ పాసింజర్లలో తిరగక్కర్లేదమ్మా. నాన్నకి బీపీ కూడానూ" అంది సంయుక్త కళ్ళు తుడుచుకుంటూ. "బుధవారం కూడా ఆఫీసుకి రమ్మని మా మేనేజర్ ఎప్పట్నించో పోరుతున్నాడు. నువ్వు ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కాబట్టి వెళ్తానని చెప్పేస్తా."

వద్దు, నాకు నా బుధవారమే కావాలి అనాలి ఆవిడ. కానీ అంత ప్రేమగా ఏడ్చిన పిల్లని పట్టుకుని ఆ మాట ఎలా అంటుంది? "సరేనమ్మా" అంది. రామబ్రహ్మం ఆవిడ వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

మొదటి ఆదివారం వచ్చింది. చివరి గదిలో కొత్త దుప్పటి పరిచారు, ఏసీ వేశారు. "మీరు మాట్లాడుకోండి నాన్నా" అని బాలు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. కనకలక్ష్మి లోపలి గడియ పెట్టింది. అవతల టీవీ గొంతు తగ్గింది. అందరూ గుసగుసగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ గుసగుసలు ఒక్కొక్కటీ లోపలికి స్పష్టంగా వినబడుతున్నాయి. ఆలూమగలు మంచం అంచున పక్కపక్కన కూర్చున్నారు. శోభనం గదిలోకి తోసినట్టు ఇద్దరికీ చెమటలు పోశాయి.

"ఏమే" అన్నాడాయన.

"ఏవండీ" అందావిడ.

అంతే. చేలగట్ల మీద ఎక్కడెక్కడి నుంచో పుట్టుకొచ్చే మాటలన్నీ ఎక్కడికి పోయాయో! కొంతసేపటికి రామబ్రహ్మం గొంతు బాగా తగ్గించి, "అంజమ్మ వాళ్ళ పత్తి ఏరేసుంటారు" అన్నాడు.

"ఏరేసుంటారు."

ఆయన చెయ్యి జరిపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇక్కడ దిగుడు బాటేమీ లేదు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు చెప్తాడు, ఏదో ఒకటి చెప్తాడు అనుకుంది.

తలుపు మీద చిన్న చేతులు దబదబా పడ్డాయి. "అమ్మమ్మా!" అని రసజ్ఞ. "వద్దు బంగారం, తాతయ్యా అమ్మమ్మా మాట్లాడుకుంటున్నారు, రా" అని సంయుక్త లాగుతోంది. పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తోంది. ఏడవనీ, ఏమీ కాదు, ఈ ఒక్క పూట ఏడవనీ అనుకుంది కనకలక్ష్మి. ఆయన చేతిని ఇంకాస్త బిగించి పట్టుకుంది.

పిల్ల వెక్కుతోంది.

"వెళ్ళవే, పాపం పిల్ల..." అని రామబ్రహ్మం అంటున్నాడు. ఆయన మాట పూర్తయ్యేసరికే ఆవిడ గడియ తీసేసింది.