పిన్ని గొంతుకు బిగించిన పొర

ఇందులో ప్రతి ముక్కా నిజం. పలాస స్టేషన్‌లో ఆగే బళ్ళ మీదా, ఆగకుండా పోయే బళ్ళ మీదా కూడా ఒట్టు. నా మాట నమ్మనివాళ్ళు ఊళ్ళో ఎక్కువ కనుక రెండు రకాల బళ్ళనూ సాక్ష్యానికి పిలవాల్సి వచ్చింది.

మొదట నా ఒళ్ళు మండించింది సెల్‌ఫోను. కవిటిలో మా పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం పలాస వచ్చి పోతుంటుంది. తోటలో జీడిపిక్కలు ఏరుతూ ఆవిడ పాడే పాట ఒకటుంది. మగవాళ్ళకు కూడా అందనంత కింది గొంతు. జబ్బు ముదిరేకొద్దీ ఆ గొంతు సన్నబడుతోందని ఫోనులో రికార్డు చేశాను. తీరా వింటే మధ్యమధ్యలో పిన్నే లేదు. ఫోను తెలివిమీరి, ఫ్యాను రొదనీ ఆటో మోతనీ పిన్ని గొంతునీ ఒకే చెత్తబుట్టలో పారేసింది! మా పిన్ని గొంతును గోల అని తీర్పు చెప్పే అధికారం ఆ అరచేతి పలకకి ఎవరిచ్చారు?

పిన్ని కూడా విన్నది. "ఏట్రా ఇది, ఎవులో నూతిలోంచి పిలిసినట్టుంది. గొంతు ఉన్నప్పుడే ఏదోటి సెయ్యి. పోయినాక మైకు తెచ్చి నా పొటోకి తగిలించకు" అంది.

అప్పుడే నిర్ణయించుకున్నాను, మైకు నేనే చేస్తానని. రేడియోలు విప్పిన చేతులు నావి. కండెన్సర్ మైకులో వెనక చిల్లులున్న ఇత్తడి బిళ్ళ, దాని ముందు వెంట్రుకవాసి ఎడంలో బంగారు పూత పూసిన పల్చటి పొర ఉంటాయి. గొంతుకు కదిలేది ఆ పొరే. దాన్ని కుట్టుపనివాళ్ళ రింగులో బిగదీసి, చట్రంలాంటి చిన్న కట్టు మీద జిగురుతో అతికించాలి. మరీ బిగిస్తే గొంతు దోమ పాటవుతుంది. వదులుగా ఉంటే కరెంటు పెట్టగానే టప్పున బిళ్ళకు అతుక్కుపోతుంది. ఇక అంతే.

టెక్కలిలో సౌండు సిస్టమ్ కొట్టువాడికి పొర చూపిస్తే పగలబడి నవ్వాడు. "ఏటి మావా, ఉల్లిపొర తెచ్చినావు? దీన్లోంచి పాటొత్తదా, పకోడీ వత్తదా?" పెళ్ళిపందిట్లో పంతులు మంత్రం ఎవరికీ వినపడకుండా డబ్బాలు మోగించేవాడు నాకు పాఠం చెప్పడమా!

ఆ పొర ఎంత తేలికంటే, ఒకసారి నేను తుమ్మితే కిటికీలోంచి ఎగిరిపోయి కోటబొమ్మాళి సంతలో తక్కెట్లో వాలింది. ముల్లు కదలలేదు.

పొరలు బిగిస్తూ పోయాను. సాయంత్రం అద్దంలా ఉన్న పొర తెల్లారేసరికి ముసలివాడి చెంపలా వదులైపోయేది. కరెంటు పెడితే టప్! సముద్రపు గాలిని తిట్టాను. పొర పంపినవాణ్ణి ఫోన్ చేసి మరీ తిట్టాను. జిగురు డబ్బా మీద బొమ్మలో నవ్వుతున్నవాణ్ణి కూడా వదల్లేదు. అటు పిన్ని దగ్గర్నుంచి మైకు ఎందాకా వచ్చిందని కబురు మీద కబురు.

చివరికి ఒకనాడు తల పక్కకి తిప్పాను. రింగు పట్టుకోవడానికి రోజూ సాయం వచ్చే మా బావ, అంటే నా భార్య అన్న, గిన్నెలో వేళ్ళు ముంచుతున్నాడు.

"ఏటి సేత్తన్నావు బావా?"

"సేతులకి నూనె రాసుకుంతన్నాను. పనిలో కూకునే ముందు రాసుకోవాల గదేటి."

పలాస జీడి ఫ్యాక్టరీలో ఆయనకు జుట్టు నెరిసింది. పిక్క కొడితే కారే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది కనుక అక్కడ నూనె రాసుకోకుండా ఎవరూ పనిలో చెయ్యి పెట్టరు.

"అది జీడికి! నూనె మీద జిగురు పడతదేటి?"

"మరి నువ్వు సెప్పినావా? మహా సున్నితమయిన పనన్నావు. అందుకే ఇంకో సుక్క ఎక్కువ రాసినాను!"

పైగా కోపం ఆయనకే వచ్చింది. సబ్బుతో చేతులు కడిగించి, కట్టును స్పిరిటుతో తుడిచి, కొత్త పొర బిగించాం. బిగువు అన్నివైపులా సమంగా ఉండేలా రింగు చుట్టూ తూకపు రాళ్ళు వేలాడదీసి, టార్చి వెలుగు పారించి చూశాను. వెలుగు ఎక్కడా వంకర పోలేదు. కరెంటు పెట్టాను. టప్ లేదు. పక్కగదిలో నా భార్య మా ఇద్దర్నీ గొణుక్కుంటూ తిట్టడం మైకులో స్పష్టంగా వినిపించింది.

మర్నాడే కవిటి వెళ్ళాను. ఫ్యాను ఆపేశాం. పిన్ని గోడకు ఆనుకుని, మైకును ఎగాదిగా చూసి, గొంతు సవరించుకుని పాట మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా పాడింది.

ఒట్టు వేశాను కనుక ఇక్కడ చెప్పక తప్పదు. కోటబొమ్మాళి తక్కెడ గురించి ఎవరేమన్నా నేను వెనక్కి తగ్గను. నేను కల్పించింది పిన్ని పాట చివరిదాకా ఆగకుండా పాడిందన్న ఆ పై వాక్యం. పిన్ని రెండు చరణాలే పాడింది. మూడోదానికి ఊపిరి అందలేదు. మేము నూనె చేతులతో పొర మీద పొర పాడు చేసుకుంటున్న రోజుల్లో ఆవిడ మొత్తం పాడగలిగేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది. రికార్డులో తర్వాత ఉన్నదంతా ఆయాసం. ఆ ఆయాసం వెనక, అదే కింది గొంతుతో, ఒక్క మాట:

"మిగతాది నువ్వే అల్లుకోరా. లేనిది ఉన్నట్టు సెప్పడం నీకు సేతనవును గదా."