ఈస్టు శ్యామలమ్మ

శ్యామలమ్మ టీచరుతో ఏ మాట మొదలుపెట్టినా అది ఈస్టు దగ్గరికే పోయి ఆగేది. ఎండ మండుతోందంటే, ఈ ఎండకు ఈస్టు ఎంత బాగా పొంగుతుందో చెప్పేది. ఫలానా ముసలాయన పోయాడంటే "అయ్యో పాపం" అని, రెండు క్షణాలు ఓర్చుకుని, ఈస్టుకు చావు ఎలా వస్తుందో మొదలుపెట్టేది.

ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే ఆమెకు ఆ ఈస్టు ఇచ్చేది బన్నుల ఖాదర్. కనుక వినే ఖర్మ కూడా అందరికంటే ముందు అతనిదే.

"చూడప్పా, ఈస్టులో పిల్లగింజలు పుట్టేముందు, గుణాలు మోసే అమ్మ దారమూ నాయన దారమూ పెనవేసుకుంటాయి. ఆడాడ తెగుతాయి. తెగిన ముక్కలు అటిటు మారి మళ్లా అతుక్కుంటాయి. ఆ అతికేటోడు ఎవడో లండన్లో ఉండేటోళ్లకు కూడా ఇంకా తెలీదు. ఎవడై ఉంటాడు?"

"నేనైతే కాదు టీచరమ్మా. నా బన్నులు మాడిపోతాండాయి."

అవి మద్యనిషేధం రోజులు. ఒకసారి జమ్మలమడుగు బస్సులో ఆమె సంచిలోని సీసా పొంగి, బిరడా ఠప్పున ఎగిరి ముందు సీట్లోని పోలీసు జవాను మెడకు తగిలింది.

"ఏందమ్మా, సారా తీసుకపోతాండావా?"

"సారా కాదప్పా, ఈస్టు. దీంట్లో అమ్మ దారమూ, నాయన దారమూ..."

జవాను తన ఊరు ఇంకా నాలుగు మైళ్లు ఉండగానే దిగిపోయాడు.

యాభైతొమ్మిదిలో ఖాదర్ ఇంట్లో నవ్వు ఆగిపోయింది. కూతురు జైబున్నీసాను జమ్మలమడుగులో జమాల్‌కు ఇచ్చాడు. తొలికాన్పులో ఆడబిడ్డ. చక్కటి బిడ్డే, కానీ పిల్లికళ్లు. అత్త షాహీదాబీ ఉయ్యాల్లోకి తొంగిచూసి, "ఈ కండ్లు మా వంశంలో ల్యావు. యాడివి?" అంది. ఆ ఒక్క మాటకు జైబున్నీసా బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. జమాల్ తల్లి ముందు నోరెత్తలేకపోయాడు.

సంగతి తెలియగానే శ్యామలమ్మ ఇత్తడి మైక్రోస్కోపు చంకనబెట్టుకుని, ఖాదర్ వద్దంటున్నా వినకుండా అతన్నీ లాక్కుని జమ్మలమడుగు వెళ్లింది. షాహీదాబీని కూర్చోబెట్టి ఈస్టు చూపించింది.

"ఏం కనపడ్తాంది?"

"నా రెప్పలు."

"ఇంకా బాగా చూడమ్మా. తాతల దారం ముక్కలు దాంకోనుండి ఎప్పుడో బయటపడ్తాయి. మీ ఇంట్లో అందరినీ నువ్వు చూసినావా?"

"అందరినీ చూసినా. పులివెందులలో ఒకామె మాత్రం ఉంది, మా మామగారి చెల్లెలు ఖాతూన్‌బీ. పెండ్లి కూరలో తనకు ఎముకలే వేసినారని, నేను కాపురానికి రాకముందే తగువుపడి పాయ. ఆమె మొగం నేను చూడ్లా. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు."

తిరుగుదారిలో ఖాదర్‌కు కోపం ఆగలేదు. "నా బిడ్డ కాపురం కూలిపోతాంటే నీ ఈస్టు ఏంది టీచరమ్మా! ఇంక నా అంగడికి రావద్దు."

శ్యామలమ్మ ఆ తర్వాత ఆదివారాలన్నీ పులివెందుల బస్సెక్కడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగినవాళ్లకు "అక్కడి ఈతచెట్ల మీద మంచి ఈస్టు ఉంది" అని చెప్పింది. ఊరంతా నవ్వింది. ఖాదర్ నవ్వలేదు. కూతురు ఇంట్లో కన్నీళ్లు పెట్టుకుంటుంటే ఈమెకు ఈతచెట్లు కావలసివచ్చాయి!

నాలుగో ఆదివారానికి కబురంపింది: బిడ్డను తీసుకుని జమ్మలమడుగు రండి. ఖాదర్ రానన్నాడు. జైబున్నీసానే లేచి, "పోదాం నాయనా. ఆ ఇంట్లో నా తరఫున మాట్లాడింది ఆమె ఒక్కతే" అంది.

వాళ్లు వెళ్లేసరికి షాహీదాబీ వసారాలో శ్యామలమ్మ, పక్కన బురఖాలో ఒక ముసలామె ఉన్నారు. ముసలామె ముసుగెత్తింది. పసిబిడ్డవీ ఆమెవీ ఒకే కళ్లు!

"యాడివి ఈ కండ్లు అని అడిగినావంట కోడలా? నావి. ఏం, వెనక్కిచ్చేస్తావా?"

షాహీదాబీ లేచి వచ్చి జైబున్నీసా చేతిలోంచి బిడ్డను అందుకుంది. "తప్పయిపాయ బేటీ. లోపలికి రా," అంది. జమాల్ అప్పటికే గడప దాటి వచ్చి పెండ్లాం చేతిలోని మూట పట్టుకున్నాడు.

ఖాదర్ సిగ్గుతో ఖాతూన్‌బీ పక్కన చతికిలబడ్డాడు. "మూడు ఆదివారాలు ఈ టీచరమ్మ ఈస్టు పురాణం ఎట్లా తట్టుకున్నావమ్మా?"

"ఈస్టా?" ముసలామె వింతగా చూసింది. "ఆ మాటే నేను వినలా నాయనా. వచ్చి కూచోని నా మోకాళ్ల నొప్పులూ, ఆ పెండ్లి కూర తగువూ, నా అన్న బిడ్డల కథా వినింది. మూడు వారాలూ నేనే మాట్లాడినా. ఇంత నెమ్మదైన మనిషిని నేను యాడా చూడ్లా."

ఖాదర్ శ్యామలమ్మ వైపు చూశాడు. ఆమె చీర కొంగును అనవసరంగా మడతపెడుతోంది.

"అది సరే గానీ," అంది ఖాతూన్‌బీ, "ఈస్టంటే ఏంది?"

ఖాదర్ వద్దని చెయ్యెత్తేలోపు శ్యామలమ్మ కొంగు వదిలేసి ముందుకు జరిగింది. ఆ పూట ప్రొద్దుటూరు బస్సులు రెండూ వాళ్లు లేకుండానే వెళ్లిపోయాయి.