అంగారక గ్రహం మీద బోరు

రిటైరు కావడానికి నాలుగేళ్ళు ఉందనగా, ఒక మే నెలలో నన్ను గోరంట్ల వైపు మండలాలకు వేశారు. నా హోదా సహాయ భూభౌతిక శాస్త్రవేత్త. ఫైళ్ళలో అంత పొడుగు పేరు గానీ పల్లెల్లో నేను 'బోరు సార్'ని. రైతు దరఖాస్తు పెట్టుకుంటే పొలానికి వెళ్ళి, బోరు వేయవచ్చో లేదో పరీక్షించి, రాతపూర్వకంగా చెప్పడం నా పని.

నేలలో నాలుగు ఇనుప మేకులు వరసగా దిగ్గొడతాం. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య మీటరు చూస్తాం. మేకులు దూరం జరిపే కొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. పగుళ్ళలో నీరున్న రాయి కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టి రాయి పోనివ్వదు. మేకులు పీకి, జరిపి, వైరు లాగడానికి ప్రతిసారీ పది నిమిషాలు పడుతుంది. ఆ ఖాళీలో నేను జీపు నీడన కూర్చుని సైన్సు నవలలు చదివేవాణ్ణి.

ఈ పిచ్చి గుంతకల్లులో పట్టుకుంది. నాయన రైల్వేలో పనిచేసేవాడు. ప్రయాణికులు బండ్లలో వదిలేసిన ఇంగ్లీషు నవలలు ఇంటికి తెచ్చేవాడు. చూడని లోకాన్ని గాలి, బరువు, దూరం అన్నీ లెక్కగట్టి నిలబెట్టే ఆ రచయితలంటే నాకు భక్తి. వాళ్ళకు ఉత్తరాలు రాసేవాణ్ణి. ఒక్కరూ జవాబివ్వలేదు, నా భక్తీ తగ్గలేదు.

ఆ వేసవిలో చదువుతున్నది అంగారక గ్రహం మీద ఇరవై మంది నీళ్ళ కోసం తవ్వే కథ. అది పదకొండోసారి. అట్ట మీద ఎర్రనేల, అందులోకి దిగిన గొట్టం. చూసినవాళ్ళు అది మా శాఖ ఇచ్చిన పుస్తకమే అనుకున్నారు. దానికి తోడు నేను పాయింటు పెట్టిన చోట వేసిన మూడు బోర్లలోనూ వరసగా నీళ్ళు పడ్డాయి. సారు పుస్తకంలో చూసి చెప్తాడని ఊళ్ళన్నీ పాకింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు చూసేవాళ్ళు నా మీద మండిపడుతున్నారని మా డ్రైవరు ఖాజా చెబితే, నవ్వుకున్నానే తప్ప ఎవరికీ సర్దిచెప్పలేదు. నేను చేసిన తప్పు అదే.

ఓబులమ్మది నాలుగెకరాల చీనీ తోట, బత్తాయిని అక్కడ అలాగే అంటారు. అప్పటికి మూడు బోర్లు ఎండిపోయాయి. నాలుగోదాని కోసం పొలం తాకట్టు పెట్టబోతోంది. అదీ పోతే పొలం పోయినట్టే. ఆ రోజు పుస్తకం జీపులోనే ఉండిపోయింది. రీడింగులన్నీ తీసి గ్రాఫు గీస్తే గీత పైపైకే పోయింది, అంటే కింద వట్టి రాయి. నీళ్ళు లేవమ్మా, బోరు వద్దని చెప్పాను.

"మిషను సరే సార్. పుస్తకం చూడకుండానే లేవంటే ఎట్ల? రేపు బోరు బండి వస్తాండాది" అంది. గట్టు మీదున్న నలుగురూ ఆమెకే వంత పాడారు.

నా గ్రాఫు ఒక నవల ముందు ఓడిపోవడం సర్వీసులో అదే మొదలు. ఒళ్ళు మండింది. కానీ ఆమె పొలం పోతుందన్న భయం ముందు ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. సరే, పుస్తకం చేతనే వద్దనిపిద్దామని ఖాజాతో తెప్పించి, మర విరిగిపోయి నాయకుడు తవ్వకం ఆపించే అధ్యాయం తీశాను. తెలుగు చేసుకుంటూ గట్టిగా చదివాను.

జనం గట్టు మీద చతికిలబడి విన్నారు. ఎన్ని అడుగులు వేసినారు, కేసింగు పైపు ఎంత దించినారు, ఆడ కరెంటు ఎన్ని గంటలిస్తారు అని ఒకటే ప్రశ్నలు. అన్నిటికీ తెలిసినంతలో జవాబిచ్చి, పుస్తకం కూడా వద్దంటోందని చెప్పి మూసేశాను.

"ఆ తర్వాత ఏమాయ సార్?" అంది ఓబులమ్మ. అంతే, అయిపోయిందన్నాను. ఇంకా సగం పేజీలు మిగిలే ఉన్నాయని అందరికీ కనబడుతూనే ఉంది.

"అదేంది సార్!" అన్నాడు ఖాజా. "కడాకు మంచుగడ్డ దొరుకుతాది, అందరూ కడుపు నిండా నీళ్ళు తాగుతారని నాకు చెప్పినారు గదా!" అతని తప్పేమీ లేదు. దారి పొడవునా ఆ కథ చెప్పి అతని బుర్ర తిన్నది నేనే.

గట్టు మీద ఈలలు పడ్డాయి. ఆడ పడిన నీళ్ళు ఈడ పడవా అని ఒకాయన నన్ను నిలదీశాడు.

సిగ్గుతో తల దించుకున్నాను. అది కట్టుకథ అని, రాసినాయన ఆ నేల ఎన్నడూ తొక్కలేదని, నీళ్ళు పడాలనుకున్నాడు గనుక పడ్డాయని ఒప్పేసుకున్నాను. ఓబులమ్మ ముందుకొచ్చింది.

"అయితే ఆయప్పకే జాబు రాయి సార్. మా తోటకూ పడేట్టు రాయమను."

ఆమె నవ్వులాటకు అనలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయన మనసున్నవాడమ్మా. ఇరవై మందిని ఎండగట్టి చంపలేక నీళ్ళిచ్చాడు. నా మీటరుకు మనసు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తుంది" అన్నాను.

ఆమె చెట్ల వైపు తిరిగి చూసింది. తర్వాత బోరు బండి అతనికి ఫోను చేసింది. "రావద్దులేప్పా. ఈ సారు మిషనుకు మనసు లేదంట" అని పెట్టేసింది.

ఆ ఏడాదే సగం తోట కొట్టేసి, మిగతా సగాన్ని ట్యాంకరు నీళ్ళతో బతికించుకుంది. పొలం ఆమె చేతిలోనే మిగిలింది. నేను మాత్రం ఆ సాయంత్రమే నివేదికలో 'సిఫారసు చేయడం లేదు' అని రాసి సంతకం పెట్టాను.

నీళ్ళు పడిన బోరు దగ్గర జనం మా పేరు చెప్పుకుంటారు. వద్దన్న చోట ఎవరూ తవ్వరు కాబట్టి, నేను ఆ రోజు చెప్పింది నిజమో కాదో నాకే తెలియదు. కొట్టేసిన చెట్లు మాత్రం నా మాట మీద కొట్టేసినవి. వద్దు అని సంతకం పెట్టేవాడు ఆ సంగతి తెలిసే పెట్టాలని ఆ తోటలో నేర్చుకున్నాను.