దీన్ని పాటంటారా

ఆ గొంతు నా ఫోనులో ఇంకా ఉంది. చెరిపెయ్యమని చాలామంది చెప్పారు. చెరపను.

ఆదోనిలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవానికి పాటలు ఎంపిక చేసేది మా లెక్చరర్ ఒకాయన. నేనూ, కౌతాళం నుంచి వచ్చే నా స్నేహితురాలూ ఆయన ముందు మా అమ్మ పాట పాడాం. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తూ అమ్మ తనే అల్లుకున్న పాట అది. 'నే నేసిన సీర యాడికి పాయనో, యే తల్లి కట్టెనో' అని మొదలవుతుంది. ఆ రోజు నూలు కోసం ఆదోని వచ్చిన అమ్మ, తన పాట వినాలని ముచ్చటపడి గది బయట వరండాలో కూర్చుంది.

ఆయన మమ్మల్ని చరణం కూడా పూర్తి చేయనివ్వలేదు.

"దీన్ని పాటంటారా? నోట్లో గులకరాళ్లు వేసుకుని మాట్లాడినట్టుంది. రాసిందెవరమ్మా?"

మా అమ్మ అని చెప్పాను. "ఆమెను మగ్గం చూసుకోమను" అని నవ్వారు. తలుపు తెరిచే ఉంది.

బస్సులో అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. "పోనీలే పాపా, సదువుకున్నోళ్లు, వాళ్లకు తెలుస్తాది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటి నుంచి మగ్గం మీద కూర్చుంటే అమ్మ నోరు విప్పడం మానేసింది. నేను పుట్టినప్పటి నుంచి పాటతో కలిపి విన్న మగ్గం చప్పుడు ఒక్కటే మిగిలింది. అది వింటుంటే ఆయన్ని పట్టుకుని నాలుగు దులపాలనిపించేది.

ఒకరోజు నా స్నేహితురాలు తన ఫోను నా చెవి దగ్గర పెట్టింది. పాట ఎలా వచ్చిందో తర్వాత విందామని ఆ రోజు రికార్డింగ్ పెట్టి, ఆపడం మరిచిపోయిందట. ఆయన మాటలన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. నా ఫోనుకూ పంపించుకున్నాను.

"ఏం జేద్దామ్మే దీన్ని?" అంది.

"పాటలో పెడదాం" అన్నాను.

ఫోనును గుడ్డలో చుట్టి మగ్గం పక్కన పెట్టి చప్పుడు పట్టాం. దాన్ని ఉచితంగా దొరికే యాప్‌లో ముక్కలు చేసి దరువు కట్టాం. అమ్మ చేతుల్ని, మార్కెట్ యార్డులో పత్తి కుప్పల్ని, నడిచే ఆటోలోంచి వీధుల్ని ఫోనుతోనే తీశాం. పాట మేమిద్దరం పాడాం. ప్రతి చరణం చివర ఆయన 'దీన్ని పాటంటారా' అంటారు. గుర్తుపట్టకుండా ఆ గొంతును చిన్నపిల్లాడి గొంతులా కీచుగా మార్చాం. ఆఖరిసారి మాత్రం మార్చలేదు.

నా స్నేహితురాలు వెళ్లి ఆయనకే చూపించింది. పాట అందుకోకముందు దరువూ బొమ్మలూ వచ్చే మొదటి నిమిషమే చూసి, బొమ్మలు బాగున్నాయి, తెర మీద వేద్దాం అన్నారు. ఆ మాట విని కడుపు నిండా నవ్వుకున్నాను.

వార్షికోత్సవంలో ఆయన ముందు వరసలో కూర్చుని దరువుకు చప్పట్లు కొట్టారు. కీచుగొంతు వచ్చినప్పుడల్లా హాలంతా నవ్వింది, ఆయనా నవ్వారు. నేను తెర చూడలేదు, ఆయన చేతులే చూస్తున్నాను. చివర్లో దరువు ఆగింది. ఆయన అసలు గొంతు, క్లాసులో మేం రోజూ వినే గొంతు, "దీన్ని పాటంటారా?" అంది. చేతులు ఆగిపోయాయి. వెనక వరసలోంచి ఎవరో అదే మాట అరిచారు. తర్వాత అందరూ అందుకున్నారు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు నన్ను పిలిపించి, ఎందుకిలా చేశావని అడిగారు.

"మగ్గం సూసుకోమంటిరి గదా సార్, సూసుకుంటిమి" అన్నాను.

ఇంటికి వెళ్లి అమ్మకు వీడియో చూపించాను. నవ్వుతుందనుకున్నాను.

"నా పాటలో ఆ యప్ప గొంతెందుకు పాపా? తీసెయ్" అంది.

"తీస్తే ఆడ ఖాళీ అయితాదిమా. నువ్వు పాడు, పెడతా."

అమ్మ మగ్గం గుంటలోకి కాళ్లు దించుకుంది. నేను రికార్డింగ్ నొక్కాను. నూలు పోగును మోసుకుంటూ నాడె కాసేపు అటూ ఇటూ పోయింది. అమ్మ గొంతు సవరించుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"నోట్లో రాళ్లున్నట్ల ఉంటాదా పాపా, నిజంగా?"

లేదన్నాను. అప్పుడు పాడింది. ఆయన గొంతును పాటలోంచి తీసేసి అక్కడ అమ్మ గొంతు పెట్టాను. పెద్దాయన కదా, క్షమించి నా ఫోనులో మిగిలిన ఆయన మాటలు కూడా చెరిపెయ్యమంటారు చాలామంది. ఆ రాళ్ల మాట అడిగినప్పుడు అమ్మ ముఖం వాళ్లు చూడలేదు.