మూడో చరణం

గొంతులో గడ్డ క్యాన్సర్ కాదని విశాఖలో డాక్టరుగారు చెప్పిన రోజు, మా ఆవిడ ఆసుపత్రి వరండాలోనే మోకరించింది. ఆపరేషనై అప్పటికి పది రోజులు. నేను మాత్రం ‘మరి గొంతు?’ అని కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. బొంగురు పూర్తిగా పోదని, మెల్లగా మాట్లాడుకోవచ్చని అన్నారు. ప్రాణం దక్కినందుకు స్తుతించాల్సింది పోయి, నర్సీపట్నం వచ్చేదాకా దేవుడి మీద అలిగి కూర్చున్నాను.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాను. చింతపల్లి ఘాట్‌లో ఇంజను మోతను దాటి నా కేక ఆఖరి సీటుకు వినబడేది. ఆదివారం అదే గొంతుతో చర్చిలో పాట అందించేవాణ్ణి. మా సంఘంలో సగం మంది ఏజెన్సీ కొండల మీంచి వచ్చేవాళ్లు, చదువు రానివాళ్లు. పుస్తకం చూసి ఒక్కో లైను నేను ముందు గట్టిగా చదివితే వాళ్లు అందుకుని పాడతారు. నేను లేకపోతే ఆరాధనే లేదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఇప్పుడు దాచడం దేనికి?

ఇంటికొచ్చాక నాలుగు నెలలు చర్చి గుమ్మం తొక్కలేదు. ఆదివారాలు మంచం మీద పడుకుని ఫోన్లో ఎవరెవరి ప్రసంగాలో వినేవాణ్ణి. నచ్చకపోతే మార్చేసేవాణ్ణి. “దేవుడు ఇంట్లో లేడా?” అని మా ఆవిడతో గుసగుసగా వాదించాను.

“ఉన్నాడు. మీరే లేరు” అని బైబిలు సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

నిజమే. ఒంటరిగా ప్రార్థనకు కూర్చుంటే రెండు మాటలకే నిద్ర ముంచుకొచ్చేది. మనిషి బతికాడు గానీ విశ్వాసం పోతోందని భయం పట్టుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఒక శనివారం పొద్దున్న, విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్ముకోవడానికి కొండ దిగిన ఒక ముసలమ్మ మా ఇంటికి వచ్చింది. చర్చిలో ముందు చాప ఎప్పుడూ ఆవిడదే.

“ఏటి బాబూ, ఇంట్లో కూకుండిపోనావు? పల్లవి పాడేసి నోరు మూసుకుంతన్నాం. సరనాలు ఎవులికీ రావట్లేదు.”

“పాడలేనండీ.”

“పాడమని ఎవులన్నారు? సదివి సెప్పు, సాలు.”

మర్నాడు వెళ్లాను. నేను భయపడినట్టు ఎవరూ జాలిగా చూడలేదు. “వందనాలండీ” అంటూ చేతులు పట్టుకుని, జరిగి చాప మీద చోటిచ్చారు. పాస్టరుగారు పుస్తకం నా చేతిలో పెట్టారు. మొదటి చరణం బాగానే గడిచింది. రెండోది దగ్గుతో గట్టెక్కింది. మూడో చరణం మొదటి లైను సగంలో గొంతు పూర్తిగా మూసుకుపోయింది. డోలక్ ఆగింది.

ముందు చాప మీంచి ఆ ముసలమ్మ మిగతా సగం అందించింది. తర్వాతి లైనూ అందించింది. ఒక్క మాట తప్పు పోలేదు. అందరూ అందుకున్నారు, డోలక్ మళ్లీ మొదలైంది. పాట నా గొంతులో మాత్రమే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఇంతమంది దగ్గర పదిలంగా ఉందని తెలిసేసరికి గుండె మీంచి బరువు దిగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ ఆవిడ వెనకాలే పెదవులు కదిపాను.

కూడిక అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఆవిణ్ణి నిలదీశాను. “చరణాలు ఎవరికీ రావన్నారు కదా, మామ్మగారూ?”

“ఇన్నేళ్లు సెవులో ఏసినావు, రాకుండా ఎక్కడికి పోతాయి?” అని నవ్వింది. “అబద్దమాడినాను. పెబువు దగ్గర నేను ఒప్పుకుంతాన్లే. నువ్వు వచ్చే వారం బేగి వచ్చీ.”

ఇంటికొచ్చి మోకరించాను. రెండు మాటలయ్యాయి, పది మాటలయ్యాయి. వంటింట్లోంచి మా ఆవిడ భోజనానికి రెండుసార్లు పిలిచింది. నేను ఇంకా ప్రార్థనలోనే ఉన్నాను.