కిటికీలోంచి విసిరిన సంచి

“అత్తా, కంటి ఆపరేసన్‌కి ఎల్తన్నాం, సంతకి కాదు. ఆటో మాటాడేను, ఎక్కు.”

“ఆడోళ్లని బస్సులో ఊరికే తీసుకెల్తంటే ఆటో ఏటే? కన్ను మసకైతే కాళ్లకేటయింది?”

“విశాఖదాకా నిలబడతావా?”

“సీటు సంగతి నాకొదిలీ. నువ్వు పుట్టకముందే నాను సీట్లు పట్టినదాన్ని!”

ఆ రోజుల్లో నా ధీమా అలాంటిది. ఆ రోజుల్లో అంటే పాతకాలమేమీ కాదు, కిందటేడే. అప్పటికి నాది పడుచు వయసు (డెబ్బై నిండలేదు). బడిలో రెండో తరగతి దాటకపోయినా, బస్సు బోర్డు మాత్రం ఎవరినీ అడక్కుండా కూడబలుక్కుని చదివేదాన్ని. ఆ గొప్ప చెప్పి చెప్పి ఇంటిల్లిపాదినీ విసిగించేదాన్ని కూడా. ఒక కంట్లో శుక్లం ముదిరి, రెండోదీ మసకబారాక బోర్డు మీద చీమలబారు తప్ప ఏమీ కనబడేది కాదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆటో ఎక్కమంటారు కదా. ఆసుపత్రివాళ్లేమో ఆ రోజు తొమ్మిదింటికల్లా రమ్మని చీటీ రాసిచ్చారు. తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో!

చోడవరం బస్సు కాంప్లెక్సులో కోడలు నీళ్ల సీసా కొనడానికి వెళ్లింది (ఇంట్లో నీళ్లే లేనట్టు). అంతలో బస్సొచ్చింది. జనం తలుపు మీద పడ్డారు. నేను బోర్డు వైపు తీరిగ్గా చూసి, విశాఖేనని తీర్మానించి, చేతిలో సంచిని కిటికీలోంచి సీట్లోకి విసిరాను. గురి తప్పలేదు. ఆసుపత్రి చీటీ, పరీక్షల కాగితాలు, ఆధార్ కార్డు, మార్చుకునే చీర అన్నీ అందులోనే ఉన్నాయి. తలుపు దగ్గరికి వెళ్లేలోగా కోడలొచ్చి నా రెక్క పట్టుకుంది.

“ఎక్కడికత్తా? అది వడ్డాది బస్సు!”

“ఓలమ్మో, నా సంచి!”

బస్సు కదిలింది. ఇద్దరం కేకలేస్తూ వెంటపడ్డాం. నా కాళ్లకేమీ కాలేదని ఆ పరుగులో రుజువైంది. బస్సు మాత్రం ఆగలేదు. ఆ వెనకే విశాఖ బస్సొచ్చింది. సగం సీట్లు ఖాళీ. కాగితాలు లేకుండా వెళ్లి ఏం చేస్తాం? అది మా కళ్లముందే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వడ్డాది బస్సు తిరిగొచ్చింది. నా సంచి అదే సీట్లో, కిటికీ పక్కన, దర్జాగా కూర్చునుంది.

“నీదేనా అమ్మా? ఎల్లినప్పుడూ ఒచ్చినప్పుడూ జనం నిలబడ్డారు గానీ, ఎవురో సీటు పట్టుకున్నారని దీన్ని కదపలేదు,” అన్నాడు కండక్టరు.

“సూసేవా, నాను పట్టిన సీటు!” అన్నాను కోడలితో.

ఆమె నవ్వలేదు. “సీటుకి కాదత్తా ఆపరేసను. బోర్డు కనపడ్డం లేదని ఒక్క మాట సెప్తే నీ సొమ్మేటి పోయేది?”

కోడలే ఆసుపత్రికి ఫోన్ చేసి, బతిమాలి, మర్నాటికి ఒప్పించింది. ఆపరేషనయ్యాక ఇప్పుడు బోర్డులన్నీ స్పష్టంగా చదువుతున్నాను. చదివినప్పుడల్లా, చీమలబారు చూసి విశాఖ అని తీర్మానించిన ఆ మొండిమనిషి గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది.

ఆపరేషనుకి బయల్దేరిన ఆ మర్నాడు ఉదయం, ముందురోజు వద్దన్నందుకు ఆటోవాడు రానన్నాడు. మళ్లీ బస్సుకే వెళ్లాం. బోర్డు కోడలు చదివింది. తన తువ్వాలు కిటికీలోంచి విసిరింది. నేను సంచి చంకన పెట్టుకుని, జనం వెనకే నిలబడి, తలుపులోంచి ఎక్కాను.